పవర్ స్టీరింగ్ ఆయిల్ లీకు: అద్దంకి ప్రాంత వాహనాల్లో గుర్తింపు, మరమ్మతు

డ్రైవరు చేతికి బలం తోడిచ్చి ముందు చక్రాలను తిప్పే ఆయిలు తన పంపును, పైపులను, స్టీరింగ్ బాక్సును దాటి బయటికి కారిపోతే దాన్ని పవర్ స్టీరింగ్ లీకు అంటారు. కొన్ని లారీల్లో ఇది బయట ఎక్కడా కనపడకుండా ఇంజన్ లోపలికే కారుతుంది. చిన్న వాహనాల్లో ఈ ఆయిలు మొత్తం కలిపినా లీటరు, ఆ చుట్టుపక్కలే ఉంటుంది. చుక్కకు 0.05 మిల్లీలీటర్ల చొప్పున సెకనుకు ఒక్క చుక్క కారినా గంటకు 180 మిల్లీలీటర్లు పోతుంది. అయిదారు గంటల్లో లీటరు ఖాళీ. పొద్దున కొద్దిగా తడిగా కనిపించిన పైపు సాయంత్రానికి స్టీరింగును బిగపట్టించడం ఇందువల్లే. ఈ మరమ్మతులో కష్టమంతా లీకు మొదలయ్యే చోటును కనిపెట్టడంలో ఉంది. చోటు తెలిశాక మిగిలిన పని చాలావరకు పానాలతో అయిపోతుంది. తెలియకుండా సామాను మారిస్తే డబ్బు పోతుంది, లీకు మాత్రం మిగులుతుంది.

లీకు చోటు బండిని బట్టి మారుతుందనడానికి గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న అద్దంకి మంచి ఉదాహరణ. నార్కెట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, అద్దంకి మీదుగా మేదరమెట్ల చేరే సుమారు 212 కిలోమీటర్ల రోడ్డు, హైదరాబాదు–విజయవాడ దారిని చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారితో కలుపుతుంది. హైదరాబాదు నుంచి నెల్లూరు, చెన్నై వైపు వెళ్లే బరువు లారీలు ఈ దారినే వస్తాయి. వీటికి తోడు బల్లికురవ క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మలు మోసే వాహనాలు, గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) చేరవేసే లారీలు, పత్తి బోరాలు ఎత్తుకున్న పికప్ బండ్లు, సాగర్ కుడి కాలువ అద్దంకి బ్రాంచి కింద దమ్ము చేసే ట్రాక్టర్లు ఉన్నాయి. ఒకే మెకానిక్ షెడ్డు ముందు మూడు నాలుగు రకాల పవర్ స్టీరింగులు ఆగి ఉంటాయి. వాటి కట్టుబడి వేరు, లీకయ్యే చోట్లు వేరు, లీకైతే వచ్చే ప్రమాదమూ వేరు.

ఆయిలు చేసే పని

ఇంజన్ బెల్టుతోనో గేర్లతోనో తిరిగే పంపు, డబ్బాలోని ఆయిలును పీల్చి ఒత్తిడితో నెడుతుంది. స్టీరింగ్ చక్రం కింద ఒక సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. డ్రైవరు చక్రం తిప్పినప్పుడు ఆ కడ్డీ రవ్వంత మెలిపడుతుంది, ఆ మెలికకు వాల్వు తెరుచుకుని ఆయిలును పిస్టన్‌కు ఒక పక్కకు పంపుతుంది, పిస్టన్ చక్రాలను తోస్తుంది. పని అయిన ఆయిలు రిటర్న్ పైపు గుండా డబ్బాకు తిరిగి వస్తుంది. తిన్నగా పోయేటప్పుడు పైపులో ఒత్తిడి కొద్ది బార్లే. చక్రాన్ని ఆఖరిదాకా తిప్పి పట్టుకుంటే మాత్రం కార్లలో సుమారు 70 నుంచి 100 బార్, బరువు లారీల్లో 150 బార్ దాకా లేస్తుంది. లారీ టైరులో ఉండే గాలి 8 బార్ ప్రాంతం. నిలబడి ఉన్న బండి కింద పొడిగా కనిపించి, బండిని మలుపు తిప్పినప్పుడే చిమ్మే లీకులు ఉండటానికి ఈ తేడాయే కారణం.

అమెరికాలో పియర్స్-యారో కంపెనీ ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో ఇలాంటి హైడ్రాలిక్ స్టీరింగును నడిపి చూపించాడు. అమ్మకానికి వచ్చిన కార్లలో అది మొదట అమరింది 1951 నాటి క్రైస్లర్ ఇంపీరియల్‌కు. మన దేశంలో పుణె, చెన్నైలలో పవర్ స్టీరింగ్ తయారీ 1980లలో ఊపందుకుంది. ఆ తరవాతే లారీలకూ బస్సులకూ, ఆపైన జీపులకూ ట్రాక్టర్లకూ ఇది మామూలు సామానైంది.

లీకు ఎందుకు పుడుతుంది

ఆయిలు బయటికి రాకుండా ఆపేవి రబ్బరు సీళ్లు, ఓ-రింగులు, రబ్బరు పైపులు, యూనియన్ల దగ్గరి రాగి వాషర్లు. వీటిలో రబ్బరే ముందు ఓడిపోతుంది. స్టీరింగులో ఎక్కువగా వాడే నైట్రైల్ రబ్బరు ఆయిలుకు బాగానే నిలుస్తుంది కానీ 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో చాలాకాలం నానితే గట్టిపడి, వంగడం మానేసి, పగులుతుంది. మే నెలలో అద్దంకి పరిసరాల్లో బయటే 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. యార్డు ముందు వరసలో నిలిచిన లోడు లారీ అంగుళం అంగుళం కదులుతూ స్టీరింగును అటూ ఇటూ తిప్పుతుంటే పంపులో ఆయిలు కాగిపోతుంది, చల్లార్చే గాలి ఉండదు. మిర్చి రవాణా జోరుగా సాగే కాలమే ఎండాకాలం కూడా కావడం ఈ ప్రాంతపు లారీలకు పడిన కష్టం.

రెండో శత్రువు దుమ్ము. ఎండిన నల్లరేగడి పొడి, క్వారీ దారుల్లో లేచే రాతి పొడి ఆయిలు తడిసిన చోట పేరుకుని, కదిలే కడ్డీతో పాటు సీలు పెదవి కిందికి జొరబడి దాన్ని అరగదీస్తాయి. అందులోనూ రాతిపొడిలోని గరుకు ఉక్కును కూడా గీస్తుంది. పత్తి కాలంలో ఇంకొకటి జరుగుతుంది. గాలిలో తేలే దూది పోగులు ఆయిలు చెమ్మకు అతుక్కుని మందపాటి పొరగా పేరుకుంటాయి. ఆ పొర లీకును కప్పేస్తుంది, వేడి పొగగొట్టం పక్కన ఉంటే నిప్పుకు తావిస్తుంది. పత్తి మోసే బండికి ఆయిలు లీకు ఉండగా లోడు ఎత్తించడం నా దృష్టిలో సాహసం కాదు, తప్పు.

కారేది ఏ ఆయిలు

బండి కింద మరక కనపడగానే స్టీరింగు మీద నేరం మోపకూడదు. పవర్ స్టీరింగులో ఎక్కువగా వాడే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) ఆయిలుకు ఎర్రరంగు కలుపుతారు. ఇంజన్ ఆయిలు నుంచి దాన్ని గుర్తుపట్టాలనే ఆ రంగు. పాతబడితే అది కాఫీ రంగుకు తిరిగి, మాడు వాసన కొడుతుంది. కొన్ని బండ్లలో లేత పసుపు ఆయిలు వాడతారు. డీజిల్ ఇంజన్ ఆయిలు నల్లగా ఉంటుంది. రేడియేటర్ కూలెంటు పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, వేళ్ల మధ్య జారుగా ఉన్నా నీళ్లతో కడిగితే పోతుంది. ఏసీ నుంచి పడేది ఉత్త నీరు. తెల్లకాగితం మీద ఒక చుక్క పట్టి వెలుతురులో చూస్తే సందేహం చాలావరకు తీరుతుంది. రాత్రి బండి కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి, వాటి మీద ముందు టైరు ఎక్కడుందో గీత గీసి పెడితే చుక్క రంగుతో పాటు చుక్క పడిన వైపు కూడా తెల్లారేసరికి తెలుస్తుంది.

మూలాన్ని పట్టుకోవడం

పెంకుటింట్లో నీళ్లు కారే చోటు ఒకటి, పెంకు పగిలిన చోటు ఇంకొకటి; వాసం వెంట జారి వచ్చి ఎక్కడో పడతాయి. ఆయిలూ అంతే. పైన పంపు దగ్గర పుట్టిన లీకు పైపు వెంట దిగి స్టీరింగ్ బాక్సు అడుగున చుక్కకడుతుంది. బండి నడిచేటప్పుడు గాలి దాన్ని వెనక్కి కొట్టి గేర్‌బాక్సు దాకా తడుపుతుంది. చుక్క పడే బాక్సును విప్పి సీళ్లన్నీ మార్చాక కూడా చుక్క ఆగని బండ్ల కథ వెనక ఉండేది ఎక్కువగా ఇదే.

అందుకని మొదటి పని కడగడం. డీజిల్ ముంచిన బ్రష్షుతో డబ్బా మొదలు స్టీరింగ్ బాక్సు దాకా మడ్డినంతా వదలగొట్టి, సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. బెల్టు మీద డీజిల్ పడకుండా చూసుకోవాలి, ఆల్టర్నేటరుకు గుడ్డ కప్పాలి. చల్లని ఇంజన్ మీదే ఈ పని చేయాలి. గంట పట్టినా ఈ గంటను మించిన పొదుపు మొత్తం మరమ్మతులో ఇంకొకటి లేదు. కడగకుండా వెతకమని తొందరపెట్టే యజమాని తన డబ్బునే పోగొట్టుకుంటాడు.

తరవాత డబ్బాలో ఆయిలు గుర్తుదాకా పోసి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు అడ్డం వేసి ఇంజన్ నడపాలి. ఒకరు క్యాబిన్‌లో కూర్చుని స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు టార్చిలైటుతో చూడాలి. కొసన అయిదు సెకన్లకు మించి పట్టకూడదు, పంపు కాగిపోతుంది. వెతికేవారు కింది చుక్కను వదిలేసి, తడిసిన భాగంలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్న తడి ఏదో చూడాలి. తడి మరీ సన్నగా ఉంటే అనుమానం ఉన్న కీళ్ల మీద టాల్కం పౌడరు చల్లుతారు. ఆయిలు మొదట చెమ్మగిల్లిన చోట పౌడరు మీద గీత పడుతుంది. పెద్ద సర్వీసు షెడ్లలో ఆయిలులో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత దీపంతో చూస్తారు.

ఇంజన్ నడుస్తుండగా పైపును చేత్తో తడిమి చూసే అలవాటు ఎంతోమందికి ఉంది. అది మానుకోవాలి. సూది బెజ్జమంత చిల్లు నుంచి వంద బార్ల ఒత్తిడితో వచ్చే ఆయిలు కంటికి కనపడకుండానే చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో తక్కువే. కానీ లోపల కండ చచ్చిపోవడం మొదలవుతుంది. కొద్ది గంటల్లో శస్త్రచికిత్స జరగకపోతే వేలో చెయ్యో తీసేయవలసి రావచ్చు. అట్టముక్కను పైపు పక్కగా జరుపుతూ దాని మీద తడి పడుతుందేమో చూడాలి. ఎవరికైనా అలా ఆయిలు గుచ్చుకుంటే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, హైడ్రాలిక్ ఆయిలు ఒత్తిడితో లోపలికి దిగిందని డాక్టరుకు ఆ మాటల్లోనే చెప్పాలి.

బయట ఎక్కడా తడి లేకుండా డబ్బా తగ్గుతున్న బండ్లు ఉంటాయి. గేర్లతో తిరిగే పంపు ఉన్న లారీల్లో పంపు షాఫ్టు సీలు పోతే ఆయిలు నేరుగా ఇంజన్ ముందు గేర్ల పెట్టెలోకి పోతుంది. ఇంజన్ ఆయిలు డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతూ, స్టీరింగ్ డబ్బాలో తగ్గుతూ ఉంటే సంగతి అదే. కార్లలో స్టీరింగ్ బాక్సు పని చేసే పళ్ల కడ్డీకి, అంటే ర్యాకుకు, రెండు చివరల ఉండే రబ్బరు బూట్లు లీకైన ఆయిలును దాచిపెడతాయి. బూటును పిండి చూస్తే లోపల ఆయిలు గలగలలాడుతుంది, క్లిప్పు వదులు చేస్తే కారుతుంది. ఇక డబ్బాలో నురగ, స్టీరింగు తిప్పితే మూలుగు వినపడితే పంపు పీల్చే వైపు పైపు గాలిని లాగుతోంది. ఆ పైపులో ఒత్తిడి లేదు కాబట్టి అక్కడి పగులు ఆయిలును పెద్దగా కార్చదు, గాలిని మాత్రం లోపలికి తీసుకుంటుంది.

మరమ్మతులు

రిటర్న్ పైపు, పీల్చే పైపు లీకులు తేలికైనవి. ఎక్కువసార్లు క్లిప్పు దగ్గర రబ్బరు గట్టిపడి ఉంటుంది. పైపు పొడవు సరిపోతే ఆ చివర కోసేసి, కొత్త క్లిప్పుతో బిగించవచ్చు. రోడ్డు పక్కన కూడా అయ్యే పని. మొత్తం మార్చేటప్పుడు ఆయిలుకు తట్టుకునే పైపే వేయాలి. రేడియేటర్ నీళ్ల పైపు ముక్క కొలతకు సరిగ్గా కూర్చున్నా, దాని రబ్బరు ఆయిలుకు ఉబ్బి మెత్తబడుతుంది. పీల్చే వైపు అది లోపలికి ముడుచుకుని పంపును ఎండబెడుతుంది.

ప్రెజర్ పైపు సంగతి వేరు. దాని మీద సైకిలు ట్యూబు చుట్టడం, ఎం-సీల్ పూయడం, ఇనుప గొట్టం భాగాన్ని వెల్డింగు చేయించడం ఏదీ నిలవదు. కంపెనీ పైపు దొరికితే మేలు. లేదంటే పాత పైపును నమూనాగా తీసుకెళ్తే ఒంగోలు, గుంటూరు, విజయవాడ ఆటోనగర్‌ల హైడ్రాలిక్ హోస్ దుకాణాల్లో తీగ అల్లిక ఉన్న రబ్బరు పైపును కొలతకు కోసి, చివర్లను యంత్రంతో నొక్కి ఇస్తారు. పైపు మీద రాసి ఉన్న ఒత్తిడి అంకె పంపు గరిష్ఠ ఒత్తిడికన్నా బాగా ఎక్కువ ఉండాలి. వంపులు తిరిగిన చోట మెలిపడకుండా, ఛాసిస్‌కూ పొగగొట్టానికీ తగలకుండా పాత క్లాంపుల్లోనే బిగించాలి. విప్పినవాళ్లు క్లాంపు తిరిగి పెట్టకపోవడంతో ఛాసిస్‌కు రాసుకుని చిల్లుపడిన కొత్త పైపులు ఎన్నో ఉంటాయి. యూనియన్ బోల్టుకు రెండు పక్కలా ఉండే రాగి వాషర్లను పైపు విప్పిన ప్రతిసారీ మార్చాలి. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి మళ్లీ సర్దుకోదు. లీకు ఆగలేదని పానాకు గొట్టం తగిలించి ఇంకా బిగిస్తే పంపు మరలు తెగుతాయి.

పంపు షాఫ్టు సీలు లీకైతే కప్పీ వెనక ఆయిలు చిమ్మిన వలయం కనిపిస్తుంది. బెల్టు తడిసి జారుతుంది, కీచుమంటుంది. అదే బెల్టు వాటర్ పంపునో ఆల్టర్నేటరునో తిప్పే బండ్లలో ఇంజన్ వేడెక్కడం, బ్యాటరీ దిగడం కూడా మొదలవుతాయి. కప్పీని పుల్లరుతోనే లాగాలి. సుత్తితో కొడితే షాఫ్టు వంగి, కొత్త సీలూ పోతుంది. సీలు మార్చేముందు షాఫ్టును గోటితో గీసి చూడాలి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే సీలు దండగ, పంపే మార్చాలి.

లారీలు, జీపుల స్టీరింగ్ బాక్సులో ఎక్కువగా పోయేది అడుగున డ్రాప్ ఆర్మ్ (చక్రాల కడ్డీని లాగే చెయ్యి) తగిలే షాఫ్టు సీలు. బురద, నీళ్లు, రాళ్ల దెబ్బ అన్నీ దానికే. ఆర్మ్ విప్పేముందు షాఫ్టు మీద, ఆర్మ్ మీద ఎదురెదురుగా గుర్తు పెట్టకపోతే పళ్లు తప్పి, చక్రాలు తిన్నగా ఉన్నా స్టీరింగు వంకరగా కూర్చుంటుంది. కొత్త సీలును షాఫ్టు మీదికి తోసేటప్పుడు పళ్ల మీద పలుచటి టేపు చుట్టి, పెదవికి ఆయిలు రాయాలి. పళ్ల అంచుకు పెదవి తెగితే ఆ తెగులు కనపడేది మళ్లీ అంతా బిగించి ఆయిలు పోశాకే. షాఫ్టుకు తుప్పు గుంటలున్నా, లోపలి బుష్ అరిగి షాఫ్టు ఊగుతున్నా సీలు ఒక్కటే మార్చి పంపడం మోసంతో సమానం. మేస్త్రీ ఆ మాట ముందే చెప్పాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) స్టీరింగ్ చక్రం 30 డిగ్రీలకు మించి ఊరికే ఆడకూడదంటాయి. బాక్సు విప్పిన రోజే ఆ ఆట కూడా చూసుకోవడం మంచిది.

ర్యాకు ఉన్న కార్లలో సీలు కిట్టు వేయడం సూక్ష్మమైన పని. గొట్టం లోపల గీతలు ఉంటే కొత్త సీళ్లు త్వరగానే తెగుతాయి. పని బాగా వచ్చినవారు దగ్గర్లో లేనప్పుడు రీకండిషన్ చేసిన ర్యాకు తీసుకోవడమే నయం. ఏది చేసినా తరవాత చక్రాల అలైన్‌మెంటు తప్పనిసరి.

లీకు ఆపుతామని సీసాల్లో అమ్మే మందులు గట్టిపడిన రబ్బరును కొంచెం ఉబ్బించి మెత్తబరుస్తాయి. సీలు చెమ్మకు కొన్నాళ్లు పనికొస్తాయేమో గానీ పగిలిన పైపును, చితికిన వాషరును బాగుచేయలేవు. పంట రవాణా అయిపోయేదాకా నెట్టుకొచ్చే ఉపాయంగానే వాటిని చూడాలి.

ట్రాక్టరు విషయంలో జాగ్రత్త

లారీలో ఆయిలంతా పోయినా స్టీరింగ్ చక్రానికీ ముందు చక్రాలకూ మధ్య ఇనుప బంధం ఉంటుంది. బండి రాయిలా బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. పవర్ స్టీరింగ్ ట్రాక్టర్లలో చాలావాటికి ఆ బంధం లేదు. అమెరికాలో లిన్ చార్ల్‌సన్ అభివృద్ధి చేసిన పద్ధతికి చెందిన హైడ్రోస్టాటిక్ యూనిట్ స్టీరింగ్ చక్రం కింద ఉండి, రెండు పైపుల ద్వారా ముందు యాక్సిల్ మీది సిలిండర్‌కు ఆయిలు పంపుతుంది. మధ్యలో ఉన్నది ఆయిలు ఒక్కటే. ఇంజన్ ఆగితే ఆ యూనిటే చేతిపంపుగా పనిచేసి చక్రాలను కష్టంగానైనా తిప్పుతుంది. పైపు పగిలి ఆయిలు పోతే స్టీరింగ్ చక్రం ఉత్తిగా గిరగిరా తిరుగుతుంది. మిర్చి లోడు ట్రాలీతో కాలువ గట్టు మీద వెళ్లే ట్రాక్టరుకు అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కాబట్టి సిలిండర్ పైపు మీద ఉబ్బు, పగులు, చెమ్మ కనపడిన ట్రాక్టరును రోడ్డెక్కించకూడదు.

ఇక్కడ ఎక్కువగా పోయేది సిలిండర్ కడ్డీ సీలు. దమ్ములో బురద కడ్డీకి పట్టి, గట్టుకొచ్చాక ఎండి గట్టిపడుతుంది. స్టీరింగు తిప్పగానే ఆ పెళ్లలు సీలు మీద గరుకుపెడతాయి. పొలం నుంచి రాగానే, బురద ఆరకముందే కడ్డీని నీళ్లతో కడిగి తుడిస్తే సీలు ఆయుష్షు బాగా పెరుగుతుంది. పత్తి కట్టె మోడులు పైపుకు గీరుకోకుండా కొందరు రైతులు దాని మీద మందపాటి గొట్టం తొడుగుతారు, మంచి అలవాటు. కడ్డీ మెరుగుపూత లేచిపోయి ఉంటే సీలు మార్చేముందు కడ్డీకి కొత్త పూత వేయించాలి, లేదా కడ్డీనే మార్చాలి. బయట పొడిగా ఉండి, స్టీరింగు కొసకు వెళ్లాక కూడా ఆగకుండా నెమ్మదిగా తిరుగుతూనే ఉంటే లీకు లోపలిది: సిలిండర్ పిస్టన్ సీలో, యూనిట్ అరుగుదలో కారణం.

ఆయిలు పోయడం, గాలి తీయడం

కొన్ని ట్రాక్టర్లలో స్టీరింగుకు వేరే డబ్బా ఉంటుంది, కొన్నిటిలో గేర్‌బాక్సు ఆయిలే వాడతారు. ఏ బండికి ఏది పోయాలో డబ్బా మూత మీదో బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది, దాన్నే పాటించాలి. బ్రేక్ ఆయిలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు. దాని గుణం వేరు. నైట్రైల్ సీళ్లను అది ఉబ్బించి పాడుచేస్తుంది. పొరపాటున పోస్తే ఇంజన్ స్టార్ట్ చేయకముందే అంతా తీసేయించాలి.

మరమ్మతు అయ్యాక ముందు చక్రాలను జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, ఇంజన్ నడపకుండానే స్టీరింగును ఈ కొసకూ ఆ కొసకూ పదిహేను ఇరవై సార్లు తిప్పాలి. డబ్బాలో మట్టం దిగుతుంటుంది, పోస్తూ ఉండాలి. బుడగలు తగ్గాక ఇంజన్‌ను నిదానంగా నడిపి మళ్లీ తిప్పాలి. ఆయిలు పాలలా తెల్లబడితే ఆపి, గంటసేపు వదిలేసి, బుడగలు పైకి తేలాక మళ్లీ మొదలుపెట్టాలి. తొందరపడి గాలి ఉండగానే లోడు ఎత్తితే పంపు రెక్కలు ఒరుసుకుని లోహపు రజను పుడుతుంది. ఆ రజను బాక్సు వాల్వులోకి చేరిందంటే పైపుతో పోయే ఖర్చు మొత్తం స్టీరింగు మీదికి వస్తుంది. ఆయిలు ఎండిన పంపుతో నడిచిన బండికి కూడా ఇదే గతి కాబట్టి, అలాంటి బండిలో పంపు మార్చినప్పుడు పాత ఆయిలంతా వదిలించి, డబ్బా ఫిల్టరు మార్చి, రిటర్న్ పైపు విప్పి శుభ్రమైన ఆయిలుతో కడగడం మానకూడదు. మొదటి వంద కిలోమీటర్ల తరవాత మట్టాన్ని, బిగించిన కీళ్లను మళ్లీ చూడాలి.

చిన్న కార్లలో ఈ సమస్య తగ్గుముఖం పట్టింది. 1988లో జపాన్‌లో సుజుకి సెర్వోతో మొదలైన విద్యుత్ స్టీరింగుకు ఆయిలే అక్కర్లేదు. ఇప్పుడు వచ్చే చిన్న కార్లు చాలావరకు అవే. బరువు లారీలు, ట్రాక్టర్లు మాత్రం ఇంకా ఎక్కువగా ఆయిలు మీదే నడుస్తున్నాయి. బండి నుంచి తీసిన పాత ఆయిలును డబ్బాలో పట్టి, వాడిన ఆయిలు కొనే అనుమతి ఉన్నవారికి ఇవ్వాలి. షెడ్డు వెనక కాలువలో పారబోస్తే అది సాగునీటిలో కలుస్తుంది. లీకున్న బండిని కళ్లంలోకి తోలితే ఎండబోసిన మిర్చి మీద చుక్కలు పడతాయి, ఆ కాయలు అమ్మకానికి పనికిరావు. కళ్లంలోకి రాకముందే బండి అడుగు చూసుకోవడం రైతుకూ డ్రైవరుకూ ఇద్దరికీ అవసరం.